ఇరవై నిమిషాల నీళ్ళు

గురువారం వస్తారు వాళ్ళు,
నారిన్ ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి,
రెండో తరగతి, ఇరవై ఇద్దరు.
బూట్ల మంచు మెట్ల మీదే దులపమని
టీచరమ్మ తుర్సునాయ్ అరుస్తూనే ఉంటుంది.
మంచు వాళ్ళతోపాటే లోపలికి వస్తుంది.

కాలిన గాయాల గదిలో నర్సుని నేను.
పిల్లలకి బురుల్ అక్కని.
ఇవాళ్టి రోగి ఒక ఉన్ని ఒంటె.
"సమోవార్ ఒలికి మీద పడింది పాపం" అన్నాను.
నవ్వారు.
కాసేపటికి నవ్వడం మానేశారు.
సమోవార్ లేని ఇల్లేది ఈ ఊళ్ళో?

స్టెతస్కోపు చేతులు మారుతోంది.
జిల్దిజ్ తన గుండె తనే విని
కళ్ళు పెద్దవి చేసింది:
"లోపల ఎవరో పారతో మంచు తీస్తున్నారు!"
అందరికీ అదే వినబడాలిక,
గొట్టం కోసం ఒకటే తోపులాట.

"చెయ్యి కాలితే ముందు ఏం చేస్తారు?"
"కొవ్వు రాస్తాం! గొర్రె తోక కొవ్వు!"
"టూత్‌పేస్టు!"
"మంచులో పెడతాం!"
ఈ మూడో జవాబు ప్రతి గురువారమూ వస్తుంది,
కిటికీ అవతల అంత మంచు ఉంటే
రాక ఏం చేస్తుంది?
మంచూ కాలుస్తుందర్రా, అన్నాను,
నిప్పు కన్నా నెమ్మదిగా, అంతే తేడా.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు కదా,
పట్టుకోవలసింది నీళ్ళని.
చల్లగా, పారుతూ, పంపు కింద,
ఇరవై నిమిషాలు.
పైన శుభ్రమైన గుడ్డ.
ఆపైన ఫోను. నూటమూడు.

ఇరవై నిమిషాలంటే ఎంతో వాళ్ళకి తెలీదు.
బజారు వంతెన నుంచి మా ఇంటికి బస్సంత, అంది ఒకమ్మాయి.
మా అమ్మ తిట్టడం పూర్తయ్యేంత, అన్నాడు ఇంకొకడు.
"అయితే మీ ఇంట్లో రెండుసార్లు తిట్టించుకోవాలి" అంటే
టీచరమ్మ కూడా నవ్వింది.

ఎర్కిన్ మాత్రం జేబులోంచి చెయ్యి తియ్యలేదు.
నాకు తెలుసు ఆ చెయ్యి.
రెండేళ్ళవాడప్పుడు వాళ్ళ నాయనమ్మ ఎత్తుకొచ్చింది,
మోచేతి దాకా కొవ్వు పట్టించి,
ప్రేమగా, మందంగా.
ఆ కొవ్వు తుడవడానికి నాకు గంట పట్టింది.
వాడి ఏడుపు ఇంకా ఈ గోడల్లోనే ఎక్కడో ఉంది.

వాడిని పిలవలేదు నేను.
వాడే వచ్చాడు. చెయ్యి బయటికి తీశాడు.
ముడతలు పడి మెరుస్తున్న ఆ చర్మాన్ని
ఒంటె పక్కన పెట్టి,
"ఇలా అవుతుంది" అన్నాడు.
అంతే. వెళ్ళి మళ్ళీ గోడకానుకున్నాడు.

అప్పుడు బెగాయిమ్ అడిగింది,
"ఈ గదిలో ఎవరైనా చచ్చిపోయారా?"
తుర్సునాయ్ కిటికీ వైపు తిరిగింది.
అవును, అన్నాను.
ఆ తర్వాతి మాట ఎంత వెతికినా దొరకలేదు,
పంపు తిప్పాను.
నీళ్ళ చప్పుడు.
ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టారు.

అక్తాన్ తప్ప.
వాడు మొదటి నుంచీ
ఒంటె తోక పీకుతూ కూర్చున్నాడు,
చెవికి ఒక్క మాటా ఎక్కినట్టు లేదు.
పోనీలే, అనుకున్నాను,
ఇరవై ఇద్దరిలో ఒకడు.

మార్చిలో, ఊరంతా బురద,
ఒకామె చెల్లాయిని చంకనేసుకొచ్చింది,
వెనకే అక్తాన్, కొంగలా మెడ చాచి గోడ గడియారం చూస్తూ.
"టీ ఒలికింది నర్సమ్మా.
కొవ్వు డబ్బా నా చేతికి అందనిస్తేనా వీడు!
బిందెల కొద్దీ పోశాడు.
మా అత్తగారు కుట్టిన కంబళి, పెళ్ళినాటిది,
ముద్దయిపోయింది.
ఎవరు నేర్పారో గానీ వీడికి!"

గుడ్డ విప్పాను.
గులాబీరంగు చర్మం, రెండు చిన్న బొబ్బలు.
ఎవరు నేర్పారో నేను చెప్పలేదు.
అక్తాన్ కూడా చెప్పలేదు,
బల్ల మీది ఒంటె కేసి చూస్తున్నాడు,
తోక మళ్ళీ కుట్టించానా లేదా అని.

ఆ కంబళి ఆరడానికి
మే నెల దాకా పడుతుందట.